బొడ్డు లేని గోళీ

బీటెక్ మెకానికల్ పూర్తయి ఏడాది దాటింది. ఉద్యోగం లేదు. ఇంట్లో నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటున్నా. ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన మా బాబాయి నా చేతిలో ఓ గాజు గోళీ పెట్టాడు. ‘‘అక్కడ పాత సామాన్ల సంతలో కొన్నాన్రా. నూరేళ్ల నాటి జర్మనీ గోళీ అట. నీకేమైనా పనికొస్తుందేమో చూడు’’ అన్నాడు.

నేను చూసింది ధర ఒక్కటే. ఆన్‌లైన్‌లో అలాంటివి ఎంతకి పోతున్నాయో వెతికి, నాలుగు ఫొటోలు తీసి, ‘ఒరిజినల్, కొత్తదానిలా ఉంది’ అని రాసి 90 డాలర్లకు పెట్టేశా. మూడు రోజుల్లో అమ్ముడైపోయింది. కొన్నాయన అక్కడి పెద్దాయన, ఏళ్ల తరబడి గోళీలు సేకరిస్తున్నవారు. గోళీ చేరాక ఆయన్నుంచి రెండే ముక్కల సందేశం: ‘ఇది పాలిష్ చేసినది. రెండు చివరలూ చూడండి.’

డబ్బు వెనక్కి ఇచ్చేశా. రానూపోనూ పోస్టేజీ నా ట్యూషన్ డబ్బుల్లోంచే పోయింది. నేను అబద్ధం రాయలేదు నిజమే. కానీ చూడకుండా రాశాను. గోళీ తిరిగొచ్చాక భూతద్దం పట్టుకుని కూర్చున్నా.

మనం చిన్నప్పుడు మట్టిలో ఆడిన గోళీలు యంత్రం చేసినవి. వీటి కథ వేరు. జర్మనీలో తురింగియా కొండల్లో లౌషా అనే ఊరుంది. 1597 నుంచి అక్కడ గాజు పనే బతుకు. 19వ శతాబ్దం నడిమికి అక్కడివాళ్లు గోళీల కోసం ఓ ప్రత్యేకమైన కత్తెర తయారుచేసుకున్నారు. దాని ఒక కొసన చిన్న గిన్నె ఉంటుంది. రంగు గాజు పోగులు పేర్చి, పైన తెల్లగాజు కప్పి, లావాటి కడ్డీ చేస్తారు. దాని కొసను వేడిచేసి, మెలితిప్పి, ఆ గిన్నెలో గుండ్రంగా తిప్పి కత్తిరిస్తారు. ఆ తిప్పుడు వల్లే లోపలి రంగు చారలు మెలికలు పడతాయి. కత్తిరించిన చోట గరుకు మచ్చ మిగులుతుంది. దాన్ని పాంటిల్ అంటారు. నేనైతే బొడ్డు అంటా. కడ్డీ నుంచి కోసిన గోళీకి మామూలుగా రెండు చివరలా రెండు బొడ్లుంటాయి. విడిగా ఒక్కొక్కటే చేసినవాటికి ఒకటే. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ సరుకు ఆగింది, అమెరికా యంత్రాలు ఆ చోటు ఆక్రమించాయి.

నా గోళీకి రెండు చివరలా చారలు వచ్చి కలుస్తున్నాయి. బొడ్లు మాత్రం లేవు. నున్నగా, అద్దంలా ఉంది. ఎవరో పెచ్చులూడిన పైపొరను అరగదీసి మెరుగు పెట్టారన్నమాట.

ఇక్కడ తొందరపడకూడదు. లౌషా పనివాళ్లే కొన్ని గోళీల బొడ్లను సానపట్టేవారు. అలాంటి చోట చిన్న చిన్న పలకలు కనిపిస్తాయి. అది పాతకాలపు పనే, లోపం కాదు. అందుకే ‘బొడ్డు నున్నగా ఉంది కాబట్టి పాలిష్’ అని తేల్చేస్తే తప్పులో కాలేసినట్టే. ఆ నునుపు బొడ్డు దగ్గరే ఆగిందా, గోళీ అంతటా ఒకేలా పాకిందా అన్నది చూడాలి.

ముందు కడగండి

కొన్న గోళీని ముందు గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగాలి. మరిగే నీళ్లు వద్దు, గాజు పగులుతుంది. పైన నూనెో మైనమో రాస్తే సన్నటి గీతలు మాయమవుతాయి. కడిగాక అసలు ముఖం బయటపడుతుంది. పెచ్చు ఊడిన చోట రెసిన్ నింపారన్న అనుమానముంటే చీకట్లో అతినీలలోహిత టార్చి వేయండి. ఆ మేర ఒక్కటే వేరేగా మెరిస్తే అతుకు ఉన్నట్టు. గోళీ మొత్తం ఆకుపచ్చగా వెలిగితే మాత్రం కంగారు అక్కర్లేదు. పాత గాజులో యురేనియం కలపడం మామూలే.

తర్వాత 10 రెట్లు పెద్దగా చూపే లూప్ తీసుకోండి. దీపాన్ని పక్కనుంచి, ఏటవాలుగా పడనివ్వండి. నిప్పులో రూపుదిద్దుకున్న గాజు చర్మానికీ, రాపిడితో మెరుగుపెట్టిన దానికీ తేడా ఉంటుంది. పిల్లలు ఆడిన గోళీ మీద గీతలు తలో దిక్కున పోతాయి, అక్కడక్కడా చిన్న గుంటలుంటాయి. పాలిష్ చేసినదాని మీద ఒకే వాటంలో సాగే వెంట్రుకలాంటి గీతలు కనిపించవచ్చు. గుంటల్లో పాలిష్ పొడి ఇరుక్కుని ఉండొచ్చు.

నాకు బాగా నచ్చిన పరీక్ష గాలి బుడగది. గోళీ తయారయ్యేటప్పుడే ఉపరితలం మీద బుడగ పగిలితే, ఆ వేడికి దాని అంచు కరిగి గుండ్రబడుతుంది. వందేళ్ల తర్వాత అరగదీస్తుంటే లోపలున్న బుడగ తెరుచుకుందనుకోండి, అంచు కత్తిలా ఉంటుంది. నా గోళీలో అలాంటి బుడగలు రెండు దొరికాయి. ఆ క్షణంలో సిగ్గుకంటే సంబరమే ఎక్కువైందని ఒప్పుకోవాలి!

రంగు చారలూ చెబుతాయి. పైపొర చారలు ఒక చివర నుంచి ఇంకో చివరకి, పల్చటి తెల్లగాజు కింద సాగాలి. నడుము దగ్గరికొచ్చేసరికి ఒక పక్క సన్నబడినా, తెగినా, గాజు పొర లేకుండా నేరుగా పైకి తేలినా పొర పోయిందని అర్థం. లోపల దెబ్బ తాలూకు అర్ధచంద్రాకారపు పగుళ్లు బోలెడుండి, పైన ఒక్క గీతయినా లేకపోతే అదీ అనుమానించాల్సిందే. అన్ని దెబ్బలు తిన్న గోళీకి చర్మం మాత్రం కందకుండా ఎలా ఉంటుంది?

వెర్నియర్ కాలిపర్స్‌తో కూడా కొలిచా. చేతి గోళీ ఏ దిక్కున కొలిచినా ఒకే వ్యాసం రావడం అరుదు. నాది దాదాపు అన్ని వైపులా ఒకటే వచ్చింది. అయితే దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. చేత్తో అరగదీస్తే తిరగబడి చదునులు వస్తాయి. ట్యూబ్‌లైట్ ప్రతిబింబాన్ని గోళీ మీద మెల్లగా జరిపితే ఆ చదునుల అంచున అది విరుగుతుంది. బరువు తూచి లాభం లేదు, సాంద్రత మారదు కదా.

పాలిష్ చేయడం నేరమేమీ కాదు. లోపల జంతువు బొమ్మలున్న పెద్ద గోళీలను, బొమ్మ కనబడడానికి, చాలామంది పాలిష్ చేయిస్తారు. ధర బాగా తగ్గుతుంది, అంతే. చెప్పకుండా అమ్మడంతోనే పేచీ.

ఆర్నెల్ల తర్వాత క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ ట్రెయినీ ఇంటర్వ్యూకి వెళ్లా. రెజ్యూమెలో హాబీల దగ్గర ‘పాత గాజు గోళీలు’ అని ఉంది. ప్యానెల్‌లో ఒకాయన నవ్వి, ‘‘ఏం చూస్తారు వాటిలో?’’ అన్నారు. బుడగ అంచు సంగతి చెప్పా. డబ్బు వెనక్కిచ్చిన సంగతీ చెప్పా. ఆయన డ్రాయర్లోంచి ఓ బేరింగ్ తీసి బల్ల మీద పెట్టి, ‘‘ఇది ఎందుకు పాడైందో చూసి చెప్పండి’’ అన్నారు. కాలిపర్స్ పక్కనే ఉన్నాయి. నేను ముందు లూప్ అడిగా. ఎన్‌డీటీ కోర్సులు చేసేవాళ్లకి తెలిసే ఉంటుంది, అందులో విజువల్ టెస్టింగ్ అనే పద్ధతికి విడిగా సర్టిఫికేషన్ ఉంది. నాకు ఆ రోజు వరకూ తెలీదు.

ఉద్యోగం వచ్చాక ఆ గోళీని మళ్లీ అమ్మకానికి పెట్టా. ఈసారి రెండు చివరల ఫొటోలు, తెరుచుకున్న బుడగల ఫొటోలు ముందు పెట్టి, ‘పాలిష్ చేసినది, రెండు బొడ్లూ లేవు’ అని మొదటి వరుసలోనే రాశా. ధర 25 డాలర్లు. కొన్నది ఆ పెద్దాయనే.