తాతల నాటి జెర్సీ

2017 ప్రపంచకప్‌కు కొద్ది వారాల ముందు రగ్బీ లీగ్ లోకం ఉలిక్కిపడింది. జేసన్ టౌమలోలో అప్పటికి న్యూజిలాండ్ జట్టుకు ఆయువుపట్టు లాంటివాడు. పుట్టింది ఆక్లాండ్‌లో. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రేలియా లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ పతకాన్ని కూపర్ క్రాంక్‌తో కలిసి పంచుకున్నాడు. అలాంటివాడు న్యూజిలాండ్‌కు కాదు, తన పెద్దల దేశమైన టోంగాకు ఆడతానన్నాడు. ఆస్ట్రేలియా జట్టులోకి ఎంపికైన ఆండ్రూ ఫిఫిటా కూడా ఆ చోటు వదులుకుని అదే దారి పట్టాడు. టోంగా జనాభా లక్షకు అటూఇటూ. డబ్బు, సౌకర్యాలు, గెలిచే అవకాశం అన్నీ వాళ్లు వదిలేసిన జట్లలోనే ఉన్నాయి. కొద్ది వారాలకే ప్రపంచకప్‌లో హామిల్టన్ మైదానంలో టోంగా సగం ఆటకు 2–16తో వెనకబడి కూడా 28–22తో న్యూజిలాండ్‌ను ఓడించింది. గ్యాలరీలు టోంగా ఎర్రజెండాలతో నిండిపోయాయి. ఆ వెంటనే విమర్శా మొదలైంది: ఇష్టం వచ్చినప్పుడు దేశం మార్చుకోనిస్తే ఇక జాతీయ జట్టు అన్న మాటకు అర్థమేముంది? ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ ఆటను నడిపిస్తున్న వలసల చరిత్ర చూస్తే, మారనివ్వడమే న్యాయమనీ, మారనివ్వకపోతే పెద్ద దేశాలకు ఉచితంగా మనుషుల్ని సరఫరా చేయడమే చిన్న దేశాల పని అవుతుందనీ నా అభిప్రాయం.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. మొన్న 2025లో మన దేశంలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు కూడా దిగింది. అది ఏడుగురి ఆట, రగ్బీ యూనియన్ కుటుంబానికి చెందింది. రగ్బీ లీగ్ వేరు. 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో కూర్చుని పాత సంఘం నుంచి విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు మ్యాచ్ కోసం పని మానుకుంటే ఆ రోజు కూలి నష్టపోయేవారు. ఆ నష్టం భర్తీ చేయాలని ఈ క్లబ్బులు అడిగితే దొరల సంఘం ససేమిరా అంది. అలా పుట్టిన ఆటలో జట్టుకు పదమూడుగురు. ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకు ఇచ్చేయాలి. ఇది సిడ్నీ, బ్రిస్బేన్‌లలో బలంగా నాటుకుంది. ఫ్రాన్స్‌లోనూ బాగానే ఎదుగుతుండగా 1941లో విషీ ప్రభుత్వం నిషేధించి ఆస్తులు లాక్కుంది. ఆ దెబ్బ నుంచి అక్కడ ఈ ఆట పూర్తిగా తేరుకోలేదు. ఫలితంగా ఆటగాళ్లు దండిగా సంపాదించుకోగల లీగులు లోకంలో రెండే: ఆస్ట్రేలియా తూర్పు తీరంతో పాటు ఆక్లాండ్ వరకు విస్తరించిన ఎన్ఆర్ఎల్, ఇంగ్లండ్ ఉత్తరాదిన వేళ్లూనుకున్న సూపర్ లీగ్. మిగతా దేశాల ఆటగాడు ఎవరైనా సరే, ఆటనే బతుకుతెరువు చేసుకోవాలంటే ఈ రెండింటిలో ఒకచోటికి చేరాల్సిందే. ఎంపిక గొడవకు అసలు వేరు ఇక్కడుంది.

నిబంధనలు చెప్పుకోవడానికి పెద్ద చిక్కేమీ లేదు. ఆ దేశంలో పుట్టినా, తల్లిదండ్రుల్లో గానీ తాతలు, అమ్మమ్మ, నాయనమ్మల్లో గానీ ఒకరు అక్కడ పుట్టినా, కొన్నేళ్లు వరుసగా అక్కడే నివసించినా ఆ దేశానికి ఆడవచ్చు. పాస్‌పోర్టు ప్రధానం కాదు. దీనిపైన అంతర్జాతీయ సంఘం మరో అంతస్తు కట్టింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్‌లను మొదటి శ్రేణిగా, మిగతావాటిని కింది శ్రేణులుగా విడదీసింది. మొదటి శ్రేణి దేశాల్లో ఒకదానికి ఆడినవాడు మరోదానికి మారలేడు. కానీ అర్హత ఉంటే మొదటి శ్రేణి జట్టు నుంచి కింది శ్రేణి జట్టుకు దిగవచ్చు, మళ్లీ పైకీ వెళ్లవచ్చు. ఒకే టోర్నమెంటు నడుమ మాత్రం అటూఇటూ గెంతడం కుదరదు. బయటివాళ్లకు ఇది వింతగా కనిపిస్తుంది. రగ్బీ యూనియన్‌లో 2022 నుంచి జట్టు మారాలంటే మూడేళ్లు అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరంగా ఉండాలి. లీగ్‌లో అలాంటి విరామం అక్కర్లేదు.

ఈ వెసులుబాటును ఎక్కువగా ఎత్తిపొడిచేది ఆస్ట్రేలియా వ్యాఖ్యాతలే. విచిత్రమేమంటే వాళ్లు ప్రాణంగా చూసుకునే పోటీ నిలబడింది ఇదే సూత్రం మీద. 1980కి ముందు న్యూసౌత్‌వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల పోరులో ఆటగాడు ఏ రాష్ట్రం క్లబ్‌లో ఆడుతుంటే ఆ రాష్ట్రానికే ఆడాలి. న్యూసౌత్‌వేల్స్‌లో 1956 నుంచి క్లబ్బుల్లో జూదపు యంత్రాలకు అనుమతి ఉండటంతో సిడ్నీ క్లబ్బుల దగ్గర డబ్బు మూలిగేది. క్వీన్స్‌లాండ్ కుర్రాళ్లను కొనుక్కోవడం, వాళ్లతోనే క్వీన్స్‌లాండ్‌ను చితక్కొట్టడం రివాజైపోయింది. 1980 జులైలో బ్రిస్బేన్ లాంగ్ పార్క్‌లో లెక్క మార్చారు: జీతం ఎక్కడ తీసుకున్నా సరే, మూలం ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రానికే ఆడాలి. ముప్పై అయిదేళ్ల ఆర్థర్ బీట్‌సన్ అంతకు ముందు ఎన్నోసార్లు న్యూసౌత్‌వేల్స్‌కు ఆడినవాడు, అప్పటికి సిడ్నీలోని పారమాటా క్లబ్ ఆటగాడు. ఆ రాత్రి మొదటిసారి ఈ నిబంధన కింద సొంత రాష్ట్రానికి నాయకుడిగా దిగి, తన క్లబ్ సహచరుడు మిక్ క్రోనిన్‌తోనే తలపడ్డాడు. క్వీన్స్‌లాండ్ 20–10తో గెలిచింది. అదే స్టేట్ ఆఫ్ ఆరిజిన్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఎన్నికలనాడు బస్సెక్కి ఊళ్లో ఓటేసి వచ్చేవాడిని ఊరివాడు కాదని ఎవరూ అనరు. బీట్‌సన్‌నూ ఎవరూ అనలేదు. మరి అదే పని టౌమలోలో చేస్తే ద్రోహమెలా అవుతుంది?

ఇంకో సంగతి. ఆటగాళ్లు దేశం మారడం టోంగా విషయంలో కొత్తగా మొదలైంది కాదు. చాలాకాలం ఆ దారి ఒకవైపే నడిచింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, అంతే. లోటే టుకిరి ఫిజీలో పుట్టి, 2000 ప్రపంచకప్‌లో ఫిజీకి ఆడి, మరుసటి ఏడాదికల్లా ఆస్ట్రేలియా జట్టులో తేలాడు. జేమ్స్ టెడెస్కో 2013 ప్రపంచకప్‌లో ఇటలీకి ఆడాడు. తర్వాత ఆస్ట్రేలియాకు కెప్టెనై ప్రపంచకప్పే అందుకున్నాడు. చిన్న జట్టులో మెరిసినవాణ్ణి పెద్ద జట్టు ఎత్తుకుపోతే దాన్ని ఎదుగుదల అన్నారు. పెద్ద జట్టువాడు చిన్న జట్టుకు వస్తే మాత్రం నిబంధనల్లో లొసుగు అన్నారు. వెనక్కి వచ్చే దారి ఉండటం వల్ల కలిగే మేలేమిటో చూపడానికి ఫిజీలోని సువాలో పుట్టిన పెటెరో థివొనిథెవా చాలు. ఆస్ట్రేలియాకు నలభైకి పైగా టెస్టులు ఆడి, చివరికి 2013లో ఫిజీకి నాయకత్వం వహించాడు. ఆస్ట్రేలియాకు ఆడిన రాబీ ఫరా 2017లో లెబనాన్ కెప్టెన్‌గా టోంగాతో క్వార్టర్ ఫైనల్‌ను 22–24 దాకా లాక్కొచ్చాడు. అలాంటివాళ్లు జట్టుకు తెచ్చేది బలమొక్కటే కాదు, పెద్ద మ్యాచ్‌ల్లో నలిగిన అనుభవం కూడా.

ఫలితాలు చూద్దాం. 2017 సెమీఫైనల్లో ఇంగ్లండ్ 20–0తో ముందుండగా టోంగా ఆఖరి నిమిషాల్లో మూడు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించడం) చేసి 18–20తో ఓడింది. 2019 నవంబరులో ఈడెన్ పార్క్‌లో టోంగా 16–12తో ఆస్ట్రేలియానే ఓడించింది. న్యూజిలాండ్, బ్రిటన్ జట్లు కాక మరొకరి చేతిలో ఆస్ట్రేలియా ఓడటం 1978లో ఫ్రాన్స్ తర్వాత అదే మొదలు. కొవిడ్ వల్ల 2022కు వాయిదాపడిన ప్రపంచకప్‌లో సమోవా కథ ఇంకా ఆసక్తికరం. తొలి మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 6–60తో చిత్తయింది. అదే ఇంగ్లండ్‌ను సెమీఫైనల్లో 27–26తో, అదనపు సమయంలో స్టీఫెన్ క్రైటన్ కొట్టిన ఒక్క గోల్‌తో ఇంటికి పంపింది. ఫైనల్లో ఆస్ట్రేలియా 30–10తో గెలిచినా, ఈ ఆటలో ఎప్పుడూ కనిపించే ఆ మొదటి శ్రేణి మూడు పేర్లు కాక మరో జట్టు ప్రపంచకప్ ఫైనల్ దాకా రావడమే పెద్ద విశేషం. అయితే వారసత్వపు జెర్సీ మంత్రదండం కాదు. అదే టోర్నీలో ఎక్కువగా ఆస్ట్రేలియాలోని గ్రీకు కుటుంబాల పిల్లలతో నిండిన గ్రీస్ జట్టు 4–94తో ఇంగ్లండ్‌కు, స్కాట్లండ్ 0–84తో ఆస్ట్రేలియాకు లొంగాయి. వలసవెళ్లిన జనంలో ఆట లోతుగా ఉన్నచోటే ఈ నిబంధన బలాన్నిస్తుంది. టోంగా, సమోవాలకు ఆ లోతుంది. ఎన్ఆర్ఎల్ ఆటగాళ్లలో సగానికి దగ్గరగా పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్లే.

సిడ్నీ పడమటి శివారులో పుట్టి పెరిగి, పెనరిత్ క్లబ్‌కు ఆడుతూ, ఆరిజిన్‌లో న్యూసౌత్‌వేల్స్ నీలిజెర్సీ వేసుకున్న కుర్రాడు సమోవా వాడెలా అవుతాడన్నది మొదటి ఆక్షేపణ. జరోమ్ లువై, బ్రయాన్ టోఓలు 2022లో చేసింది ఇదే. ఒకప్పుడు ఆరిజిన్ ఆడాలంటే ఆస్ట్రేలియాకే కట్టుబడి ఉండాలి. ఆ షరతు సడలించాకే ఇది వీలైంది. దీనికి జవాబు సమోవా లెక్కల్లో ఉంది. ఆ దేశ జనాభా సుమారు 2 లక్షలు. దాదాపు అంతమంది సమోవన్లు ఒక్క న్యూజిలాండ్‌లోనే ఉన్నారు, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు అదనం. ఇంట్లో మాట, ఆదివారం చర్చి, పెళ్లిళ్లకూ చావులకూ కూడే బలగం, ఊరికి పంపే డబ్బు, ఇవన్నీ సమోవా చుట్టూనే తిరుగుతాయి. అలాంటి జాతికి సరిహద్దు గీయమంటే సముద్రతీరం దగ్గరే గీయాలనడం మొండితనం. తాతలు, అమ్మమ్మ, నాయనమ్మల దాకా వెళ్లే నిబంధన కొందరి విషయంలో సాగదీసినట్టుగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. ఎప్పుడూ చూడని నాయనమ్మ జన్మపత్రం ఒక్కటే ఆధారంగా, వేరే జట్టులో చోటు దొరకనివాడు చేరితే అది ఎవరికీ గౌరవం కాదు. కానీ టోంగా, సమోవాల్లో జరిగింది దానికి తలకిందులు. ఇక్కడ చోటున్నవాళ్లే వదులుకుని వచ్చారు. ఆరిజిన్ ఒక్క మ్యాచ్‌కు సుమారు 30 వేల ఆస్ట్రేలియా డాలర్లు ముట్టే ఆటలో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లకు ఆడితే వచ్చే సొమ్మును వదులుకున్నవాణ్ణి అవకాశవాది అనడం ఏ లెక్కన?

రెండో ఆక్షేపణకు కాస్త బరువుంది. వీళ్లను తీర్చిదిద్దింది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వ్యవస్థలు, ఫలం మాత్రం వేరొకరికి పోతోందంటారు. నిజమే, కానీ ఆ పెట్టుబడి ప్రతిఫలం క్లబ్బులకు వారం వారం అందుతూనే ఉంది. పెనరిత్ 2021 నుంచి వరుసగా నాలుగుసార్లు లీగ్ గెలిచింది లువై, టోఓ వంటివాళ్ల భుజాల మీదే. జాతీయ జట్టుకు ఆడే ఆ కొద్ది మ్యాచ్‌లు కూడా కావాలనడం దురాశ. దారి మూసేస్తే ఏమవుతుందో క్రికెట్‌లో మనకు తెలుసు. ఇయాన్ మోర్గాన్ 2007 ప్రపంచకప్‌లో ఐర్లండ్‌కు ఆడి, 2019లో ఇంగ్లండ్ కెప్టెన్‌గా కప్ ఎత్తాడు. ఐర్లండ్ నుంచి ఇంగ్లండ్‌కు వెళ్లడానికి అప్పటి నిబంధనల్లో అడ్డే లేదు. తిరిగి రావాలంటే మాత్రం ఏళ్ల నిరీక్షణ. చిన్న జట్టు పెద్దదాన్ని అందుకోవాలనుకుంటే దానికి ఇంతకంటే పెద్ద అడ్డంకి ఇంకేం కావాలి?

మన దేశం ఇంకో కొసన నిలబడింది. భారత పౌరులే భారత్‌కు ఆడాలని కేంద్రం 2008 చివర్లో తేల్చడంతో, అంతకు ముందు డేవిస్ కప్‌లో మనకు ఆడిన, అమెరికాలో పుట్టిన ప్రకాశ్ అమృతరాజ్ లాంటివాళ్లకు తలుపు మూసుకుపోయింది. ద్వంద్వ పౌరసత్వం మన రాజ్యాంగంలో లేదు కాబట్టి డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టిన తెలుగు పిల్లవాడు మనకు ఆడాలంటే పుట్టిన దేశపు పౌరసత్వం వదులుకోవాలి. నూట నలభై కోట్ల జనమున్న దేశానికి ఆ పట్టుదల చెల్లుతుందేమో. లక్షమంది దేశం అలా భీష్మించుకుంటే పదమూడుగురు దొరకడమే కష్టం.

మూడో అభ్యంతరం మాత్రం విమర్శకుల నోట తక్కువగా వినిపిస్తుంది. నిజంగా జవాబు చెప్పడం కష్టమైనది అదే. బయటి తారలు వచ్చి కూర్చుంటే టోంగా రాజధాని నుకుఅలోఫాలోనో లెబనాన్ రాజధాని బేరూత్‌లోనో దుమ్ములో ఆడుకునే కుర్రాడి చోటు ఏమవుతుంది? ప్రపంచకప్ ముందు నెలలో దిగి, అయిపోగానే విమానం ఎక్కే జట్టు వల్ల ఆ దేశంలో ఒక్క మైదానమైనా బాగుపడుతుందా? 2000 ప్రపంచకప్‌కు లెబనాన్ జట్టు దాదాపు మొత్తం సిడ్నీ కుర్రాళ్లతోనే వచ్చింది. అలాంటి జట్టు దేశంలో ఆటకు పేరు తెస్తుంది, పునాది వేయదు. దీనికి మందు అర్హత నిబంధనను బిగించడం కాదు. ప్రతి ప్రపంచకప్ జట్టులోనూ సొంతగడ్డ మీద ఆట నేర్చుకున్న నలుగురైదుగురికి చోటు తప్పనిసరి చేసి, టోర్నీ ఆదాయంలో ఒక వాటాను ఆ దేశపు స్థానిక పోటీలకే కట్టబెడితే సరిపోతుంది. పసిఫిక్ జట్లన్నీ ఒకే తీరువి కావు కూడా. పాపువా న్యూగినీలో రగ్బీ లీగే జాతీయ క్రీడ, అక్కడి జట్టులో ఎక్కువమంది ఆ నేల మీద పుట్టినవాళ్లే. 2028లో పోర్ట్ మోర్స్‌బీ నుంచి ఒక జట్టు ఎన్ఆర్ఎల్‌లోకి రాబోతోంది, ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దీనికీ, పసిఫిక్ దీవుల్లో ఈ ఆట ఎదుగుదలకూ కలిపి వెచ్చిస్తోంది. ఆ సొమ్ములో చైనా ప్రాబల్యానికి అడ్డుకట్ట వేసే దౌత్యం పాలెంత, ఆట మీద ప్రేమ ఎంత అన్నది వేరే చర్చ. అక్కడి కుర్రాడు ఇల్లు వదలకుండానే ఆటతో బతికే రోజు మాత్రం దగ్గరకొచ్చింది. టోంగా, సమోవాలకు అలాంటి క్లబ్ ఇంకా లేదు. అది వచ్చేదాకా, బయట ఆడి సంపాదించుకున్న పిల్లల్ని ఏడాదికి కొన్ని వారాలపాటు వెనక్కి పిలుచుకునే హక్కయినా ఆ దేశాలకు ఉండాలి.