నల్లబడిన ఆయిల్ చెడిపోయినట్టేనా?

మొగల్తూరు ప్రాంతంలో రొయ్యల చెరువులు చేస్తున్న ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. జనరేటర్‌లో కొత్త ఆయిల్ పోసిన రెండు మూడు రాత్రులకే నల్లబడిపోతోందట. మెకానిక్ వెంటనే మార్చెయ్యమంటున్నాడు, షాపతను ఇంకా ఖరీదైన డబ్బా కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు. ఈ ప్రశ్న కోసమే ఎన్నాళ్ళనుంచో ఎదురు చూస్తున్నాను.

ఇద్దరి మాటా వినక్కర్లేదు. డీజిల్ మండినప్పుడు పుట్టే మసి కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. ఆయిల్‌లో కలిపిన డిస్పర్సెంట్లు ఆ రేణువుల్ని ముద్దకట్టనివ్వకుండా విడివిడిగా తేలేలా పట్టి ఉంచుతాయి. అందుకే నలుపు. ఇలాంటి మందులు లేని రోజుల్లో మడ్డి రింగుల చుట్టూ పేరుకుని ఇంజన్ బిగుసుకుపోయేది. 1930లలో కాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లకు ఇదే పెద్ద తలనొప్పి. 1935లో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ డిటర్జెంట్ కలిపిన ఆయిల్ తయారుచేశాకే అది తీరింది. డీజిల్ ఇంజన్‌లో ఎన్నాళ్ళయినా తేనె రంగులోనే ఉండే ఆయిల్‌ను చూస్తే నాకు అనుమానం.

డబ్బా మీది అంకెల సంగతి త్వరగా తేల్చేద్దాం. 15డబ్ల్యూ-40లో మొదటి భాగం చలిలో చిక్కదనానికి గుర్తు. పొగమంచే తప్ప గడ్డకట్టే చలి తెలియని మన తీరంలో అది 15 అయినా 20 అయినా పెద్ద తేడా రాదు. 40 అంటే 100 డిగ్రీల వేడిలో చిక్కదనం 12.5కూ 16.3 సెంటీస్టోక్స్‌కూ మధ్య ఉంటుందని. చవక డబ్బాలోనూ ఖరీదైన డబ్బాలోనూ ఆ 40 ఒకటే. డీజిల్ ఆయిల్ నాణ్యతకు గుర్తులు సీహెచ్-4, సీఐ-4, సీకే-4. అక్షరం ముందుకు వెళ్ళేకొద్దీ పరీక్షలు కఠినం.

ఇక అసలు కథ. క్రాంక్ షాఫ్ట్ గిర్రున తిరుగుతున్నంతసేపు బేరింగులో ఆయిల్ పొర మీద తేలుతూనే ఉంటుంది, లోహం లోహాన్ని తాకదు. పిస్టన్‌కు ఆ భాగ్యం లేదు. అది పైకి వెళ్ళి ఆగాలి, కిందికి వచ్చి ఆగాలి. ఆగిన క్షణంలో వేగం సున్నా, పొర నలిగిపోతుంది. మన జనరేటర్లు ఎక్కువగా నిమిషానికి 1500 చుట్లు తిరుగుతాయి. అంటే ప్రతి పిస్టనూ సెకనుకు 50 సార్లు ఆగుతుంది, అందులో 25 సార్లు పైన. తుపాను రాత్రి ఎనిమిది గంటలు కరెంటు పోతే, ఏరియేటర్లు తిరిగినంతసేపట్లో ఒక్కో పిస్టన్ పైకొసన 7,20,000 సార్లు ఆగి ఉంటుంది. పేలుడు ఒత్తిడి, మంట వేడి అక్కడే ఎక్కువ. ఇంజన్ బోరుకొచ్చిందని విప్పినప్పుడు మెకానిక్ లైనర్ పైభాగంలో గోరు పెట్టి చూసే మెట్టు ఇక్కడ అరిగినదే.

ఆయిల్ పొర చేతులెత్తేసిన ఈ చోట కాపాడేది మరో పదార్థం. జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. పేరు పలకడానికి ముందు గుక్కెడు నీళ్ళు తాగాలి గనక జింకు మందు అందాం. 1940ల తొలినాళ్ళలో దీన్ని ఆయిల్‌లో కలిపినవాళ్ళు, ఆయిల్ పాడవకుండా, బేరింగులు తినేయకుండా కాపాడుతుందనే కలిపారు. అరుగుదలను ఆపే గుణం ఉందని ఆ తర్వాతగానీ తెలియలేదు. వేరే పనికి పెట్టిన మందు ఇంకో పనికి రాణించడం రసాయనశాస్త్రంలో కొత్తేం కాదు.

ఎలా ఆపుతుంది? గునపం పట్టిన చేతికి ఒరిపిడి ఉన్న చోటే కాయలు కాస్తాయి. ఇదీ అంతే. నలిగిన చోటే జింకు మందు విడిపోయి ఇనుము మీద గాజులాంటి ఫాస్ఫేటు పొరగా పేరుకుంటుంది. మందం సుమారు 100 నానోమీటర్లు, తల వెంట్రుకలో ఏడు వందల వంతు. ఉక్కుకు బదులు అది అరుగుతుంది, అరిగిన చోట మళ్ళీ పుడుతుంది.

ఆ పొరను పుట్టించేది రాపిడి వేడి అని దశాబ్దాలపాటు చాలామంది నమ్మారు. 2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నిత్యానంద్ గోస్వామి బృందం సూక్ష్మమైన సూదిమొనతో ఆయిల్‌లోనే ఉపరితలాన్ని రుద్దుతూ, పొర పెరగడాన్ని కళ్ళారా చూసింది. ఒత్తిడి పెంచేకొద్దీ పెరుగుదల అంతకంతకూ వేగం పుంజుకుంది. మరుసటి ఏడు లండన్ ఇంపీరియల్ కాలేజీలో జీ జాంగ్, హ్యూ స్పైక్స్ ఇంకో మెలిక విప్పారు. లోహం లోహాన్ని అసలు తాకకుండా, మధ్యలో చిక్కటి ద్రవాన్ని గట్టిగా లాగి నలిపినా పొర పుట్టింది. అంటే మూలం నొక్కుడు కన్నా లాగుడు. మందు అణువును చీల్చేది ఆ లాగుడే. ఇంత ముచ్చటైన ప్రయోగం గురించి ఇంజన్ ఆయిల్ ప్రకటనల్లో ఒక్క ముక్కా రాదు. వాటికి పరుగెత్తే గుర్రాలు కావాలి.

ఇప్పుడు ఆయిల్ మార్పిడికి వద్దాం. పొర పెరగడానికి సమయం పడుతుంది. 2007లో ఫోర్డ్, కొనాకోఫిలిప్స్ పరిశోధకులు కొత్త ఆయిల్‌నూ కార్లలో వాడి తీసిన ఆయిల్‌నూ పోల్చిచూశారు. వాల్వులను నడిపే భాగాల మీద రాపిడీ అరుగుదలా తక్కువగా ఉన్నది వాడిన ఆయిల్‌తోనే! ఆ ప్రయోగం పెట్రోలు కార్లది, డీజిల్‌కు అచ్చంగా అన్వయించలేం. అయినా కొత్త ఆయిలే ఎప్పుడూ గొప్పదన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

అలాగని ఏళ్ళ తరబడి మార్చకుండా వదిలేస్తే ఇంతకాలం కాపాడిన మందే ఇంజన్ మీద తిరగబడుతుంది. మసి ఒక హద్దు దాటితే, జింకు మందు పొర వేసీ వేయకముందే రేణువులు గీకేస్తాయి. మందు మళ్ళీ ఇనుముతో కలుస్తుంది, మసి మళ్ళీ గీకుతుంది. ప్రతిసారీ కొంత ఇనుము కూడా పోతుంది. ఆ హద్దు రంగులో కనబడదు. రెండో రోజునా నలుపే, మూడు వందల గంటలకీ నలుపే. కనుక గంటల మీటరే ప్రమాణం. చాలా జనరేటర్ల మాన్యువళ్ళు 250 గంటలంటాయి, కొన్ని 500. అంతలోపే ఆయిల్‌ను ఆమ్లం చెడగొడుతుందేమోనన్న భయమూ తగ్గింది. ఆ ఆమ్లానికి మూలమైన గంధకం బీఎస్-3 డీజిల్‌లో 350 పీపీఎం ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6లో 10కి దిగింది.

చెరువు గట్ల మీద నన్ను భయపెట్టేది వేరే ఉంది. పెద్ద జనరేటర్ కొని రెండు ఏరియేటర్లు తిప్పడం. బరువు చాలక ఇంజన్ వేడెక్కదు. కాలని డీజిల్ రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తుంది, 40 అనుకున్నది పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గలేదు, పైగా పెరిగిందని సంతోషించకండి. ఆ పెరిగినది డీజిలే. అప్పుడు గంటలు చూడకుండా మార్చాల్సిందే.

కాబట్టి ఉత్తరం రాసినవారికి నా సమాధానం ఇదీ. మాన్యువల్ చెప్పిన గ్రేడులో, దొరికితే సీఐ-4 గానీ ఆపైది గానీ, సీలు వేసిన డబ్బా కొనండి. మీటరు చెప్పిన గంటలకు ఫిల్టర్‌తో సహా మార్చండి. కరెంటు పోనేలేదు, గంటలు తిరగలేదనుకున్నా ఏడాదికోసారి మార్చండి. ఖరీదైన డబ్బాకు పెట్టే డబ్బుతో ఎయిర్ ఫిల్టర్ కొనండి. తీసిన ఆయిల్ మాత్రం మురుగు కాలువలో పోయకండి. ఆ కాలువ నీరే రేపు పక్క రైతు చెరువులోకి ఎక్కుతుంది.