రామానుజన్ పసిగట్టిన ఐదు

4ని కూడికగా విడగొట్టండి: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. అంతే, 5 రకాలు. 3+1 అన్నా 1+3 అన్నా ఒకటే లెక్క. వీటిని విభజనలు అంటారు. 10కి 42 ఉంటాయి. మరి 100కి? ఏకంగా 19,05,69,292!

గణితవేత్త మెక్‌మహన్ 200 దాకా ఓపిగ్గా లెక్కగట్టిన పట్టికలో శ్రీనివాస రామానుజన్ ఒక వింత పసిగట్టారు. చివర 4 గానీ 9 గానీ ఉన్న ఏ సంఖ్యకైనా విభజనల లెక్క 5తో శేషం లేకుండా భాగించబడుతుంది. 9కి 30, 14కి 135. 1919లో దాన్ని నిరూపించారు కూడా.

నిరూపణ సరే, ఆ 5 ఎక్కణ్ణుంచి వచ్చింది? 1944లో ఫ్రీమన్ డైసన్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు ముచ్చటైన ఉపాయం చెప్పాడు. ప్రతి విభజనలో అన్నిటికన్నా పెద్ద సంఖ్యలోంచి, మొత్తం ఎన్ని ముక్కలున్నాయో ఆ లెక్క తీసేయాలి. 3+1లో పెద్దది 3, ముక్కలు 2, మిగిలేది 1. అలాగే 4కున్న మిగతా విభజనలకు 3, 0, −1, −3 వస్తాయి. రుణ సంఖ్యలకు 5 కలిపితే 4, 2. చూశారా, 0 నుంచి 4 దాకా తలా ఒకటి! విభజనలు వాటంతటవే ఐదు సమాన గుంపులయ్యాయి. చివర 4 గానీ 9 గానీ ఉన్న అన్ని సంఖ్యలకూ ఇది నిజమేనని 1954లో ఆట్కిన్, స్విన్నర్టన్-డయర్ నిరూపించారు.

9కున్న 30 విభజనలూ రాసి, ఒక్కోదానికీ ఇదే తీసివేత చేసి, వచ్చినవాటిని 5తో భాగించి, శేషాల వారీగా పేర్చండి. గుంపుకి సరిగ్గా 6 వస్తాయి.