ఓట్ల లెక్క తేలాక మొదలైన భయం

2016 నవంబరు 9, బుధవారం. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ గెలిచారని తేలి కొన్ని గంటలే అయింది. మిషిగన్ రాష్ట్రంలోని రాయల్ ఓక్ అనే ఊళ్లో, ఒక మిడిల్ స్కూల్ భోజనశాలలో, కొందరు పిల్లలు ‘గోడ కట్టండి, గోడ కట్టండి’ అంటూ నినాదాలు అందుకున్నారు. మెక్సికో సరిహద్దు పొడవునా గోడ కడతానన్నది ట్రంప్ ప్రచారంలో అందరి నోటా నానిన హామీ. అదే గదిలో లాటినో కుటుంబాల పిల్లలు కూడా కూర్చుని తింటున్నారు. ఎవరో ఫోన్‌లో తీసిన ఆ చిన్న వీడియో ఒక్క రోజులో దేశమంతా తిరిగింది.

ఆ పిల్లలకు ఓటు లేదు. వలస విధానం అంటే ఏమిటో తెలిసే వయసూ కాదు. అంతకు ముందు వారం కూడా వాళ్లంతా అవే బల్లల దగ్గర పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్లే. మరి ఒక్క రాత్రిలో ఏం జరిగింది? ఎన్నిక ఫలితం వాళ్లలో కొత్తగా ద్వేషాన్ని పుట్టించిందా? అది ముందే ఉండి ఆ రోజు బయటపడిందా?

ఈ ప్రశ్న అమెరికాకు మాత్రమే సంబంధించింది కాదు. అయినా జవాబు వెతకడానికి అమెరికాయే అనువైన చోటు. ఆ దేశంలో ఈ విషయాన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. పైగా ఆ భయం మూడు నెలలు తిరిగేసరికి మన ఇళ్లదాకా వచ్చింది.

లియోనార్డో బర్స్టిన్, జార్జి ఎగొరోవ్, స్టెఫానో ఫియోరిన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ ఎన్నికకు కొద్ది రోజుల ముందు ఒక ప్రయోగం చేశారు. ట్రంప్ గెలుపు ఖాయమనుకున్న రాష్ట్రాల్లోని కొన్ని వందల మందిని ఆన్‌లైన్‌లో ఎంచుకున్నారు. వలసదారుల పట్ల గట్టి వ్యతిరేకత ఉన్న ఒక సంస్థ పేరు చెప్పి, ‘మీ తరఫున ఆ సంస్థకు ఒక డాలరు విరాళం మేమిస్తాం, మీరు సరే అంటే మీకూ కాస్త డబ్బు వస్తుంది’ అన్నారు. సగం మందికి, మీ జవాబు ఎవరికీ తెలియదని చెప్పారు. మిగతా సగానికి, మీ జవాబు మరో మనిషికి తెలిసే వీలుందని చెప్పారు. ఎవరికీ తెలియదన్నప్పుడు 54 శాతం మంది సరే అన్నారు. తెలిసే వీలుందన్నప్పుడు 34 శాతమే ఒప్పుకున్నారు. నూటికి ఇరవై మంది తమ మనసులో మాటను సిగ్గుకొద్దీ దాచుకున్నారన్నమాట.

అసలు సంగతి ఆ తర్వాతిది. మరికొందరికి ఇదే ప్రశ్న వేసే ముందు ఒక ముక్క అదనంగా చెప్పారు: మీ రాష్ట్రంలో ట్రంప్ గెలుపు నూటికి నూరు శాతం ఖాయమని అంచనా. అంతే, ఆ తేడా మాయమైంది. చాటుగా ఎంతమంది సరే అన్నారో, నలుగురికీ తెలిసేలాగా దాదాపు అంతేమంది సరే అన్నారు. ఎన్నిక అయ్యాక మళ్లీ చేసి చూస్తే, ఆ ముక్క చెప్పాల్సిన పనే లేకపోయింది. ఫలితమే అందరికీ చెప్పేసింది.

చాటుగా ఒప్పుకున్నవాళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు. ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. మనుషుల మనసులో ఉన్నది మారలేదు. ఎదుటివాళ్ల మనసులో ఏముందన్న అంచనా మారింది. ‘నాలా అనుకునేవాళ్లు కొందరే, పైకి అంటే చీదరించుకుంటారు’ అని నిన్నటిదాకా నోరు కట్టుకున్న మనిషి, ఓట్ల లెక్క చూసి ‘నాలాంటి వాళ్లు ఇంతమంది ఉన్నారా’ అనుకున్నాడు. నోటికి ఉన్న కట్టు ఊడిపోయింది. కాన్సస్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త క్రిస్టియన్ క్రాండల్ బృందం ఎన్నికకు ముందు, తర్వాత జరిపిన సర్వేలోనూ ఇదే ధోరణి కనిపించింది. ప్రచారంలో ట్రంప్ ఎవరిని తూలనాడారో, ఆ వర్గాల మీద చులకన మాటలు ఇప్పుడు చెల్లుతాయని జనం అనుకోవడం మొదలుపెట్టారు. ప్రచారంలో పేరెత్తని వర్గాల విషయంలో అలాంటి మార్పు రాలేదు.

ఇక ఆ అంచనా సరైనదేనా అంటే, కాదు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ వచ్చాయి. రాష్ట్రాలవారీగా ఎలక్టోరల్ ఓట్లు లెక్కించే పద్ధతి వల్ల ఆయన గెలిచారు. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడింట్లో కలిపి ఆధిక్యం 80 వేల ఓట్లు కూడా లేదు. ఆయనకు ఓటేసిన వాళ్లంతా ఒక్క కారణంతో వేయలేదు. రెండు ఎన్నికల్లో నల్లజాతి అధ్యక్షుడు ఒబామాను గెలిపించిన 200కు పైగా కౌంటీలు ఈసారి ట్రంప్ వైపు తిరిగాయి. మూతబడిన ఫ్యాక్టరీ కోసం వేసినవాళ్లున్నారు, సుప్రీంకోర్టు జడ్జీల నియామకాల కోసం వేసినవాళ్లున్నారు, క్లింటన్ మీద కోపంతో వేసినవాళ్లున్నారు. కానీ ఓటు పెట్టెలో పడ్డాక కారణాలు కనిపించవు, మొత్తమే కనిపిస్తుంది. ఆ మొత్తాన్ని ద్వేషం నిండినవాడు తన ఖాతాలో వేసుకున్నాడు.

చిక్కేమిటంటే, భయపడ్డవాళ్లు వేసుకున్నదీ అదే లెక్క. హిజాబ్ వేసుకునే అమ్మాయి, కాగితాలు లేని తల్లిదండ్రుల బిడ్డ, నల్లజాతి యువకుడు మర్నాడు బస్సెక్కి చుట్టూ చూసినప్పుడు, వీళ్లలో సగం మంది నన్ను వద్దనుకున్నవాళ్లేనా అన్న ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది? తిట్టినవాడు ‘అందరూ నా వైపే’ అనుకున్నాడు. తిట్టు పడ్డవాళ్లు కూడా ‘అందరూ అతని వైపే’ అనుకున్నారు. బస్సులో మౌనంగా కూర్చున్నవాళ్ల అసలు అభిప్రాయం ఇద్దరికీ తెలియదు. ఎన్నిక తర్వాతి ఉద్రిక్తత ముడి అంతా ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

భయం ఎంత నిజమో అంకెల్లో చూద్దామంటే అంత సులువు కాదు. సదరన్ పావర్టీ లా సెంటర్ అనే పౌరహక్కుల సంస్థ ఆ ఎన్నిక తర్వాతి పది రోజుల్లో 867 వేధింపు ఘటనలు లెక్కించింది. ఎక్కువ వలసదారుల మీద, ఆ తర్వాత నల్లజాతివారి మీద జరిగాయి. అన్నిటికంటే ఎక్కువగా జరిగిన చోటు బడులే. మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో, స్పానిష్‌లో ప్రార్థనలు జరిపే ఒక చర్చి బ్యానర్‌ను చింపి, ‘ట్రంప్ దేశం, తెల్లవాళ్లకే’ అని రాసిపోయారు. అయితే ఈ 867లో చాలావరకు బాధితులు స్వయంగా చెప్పినవి, పత్రికల్లో వచ్చినవి. అన్నిటినీ విచారించి ధ్రువీకరించలేదు. ఎన్నికకు ముందూ వెనుకా వచ్చిన ఇలాంటి ఆరోపణల్లో కొన్ని అబద్ధాలని తర్వాత తేలింది కూడా. మిసిసిపీలోని గ్రీన్‌విల్‌లో పోలింగ్‌కు వారం ముందు నల్లజాతివారి చర్చికి నిప్పంటించి గోడ మీద ‘ట్రంప్‌కు ఓటేయండి’ అని రాశారు. చివరికి అరెస్టయింది ఆ చర్చి సభ్యుడే. లూసియానాలో ఒక విద్యార్థిని తన హిజాబ్ లాగేశారని ఫిర్యాదు చేసి, అది కల్పించిందని తర్వాత పోలీసుల దగ్గర ఒప్పుకుంది. ఇలాంటివి బయటపడ్డ ప్రతిసారీ నిజంగా దెబ్బతిన్నవాళ్ల మాట మీదే అనుమానం పడింది. అందుకే అవి నాకు అంత బాధ కలిగిస్తాయి.

ప్రభుత్వ లెక్కలకు మరో రకం లోపం ఉంది. ఎఫ్‌బీఐ లెక్కలో విద్వేష నేరాల ఘటనలు 2015లో 5,850, 2016లో 6,121, 2017లో 7,175. పెరుగుదల స్పష్టమే. కానీ 2017లో దాదాపు వెయ్యి పోలీసు శాఖలు అదనంగా లెక్కలు పంపాయి, అందులో కొంత దాని వల్ల కూడా. నేరబాధితులను ఇంటింటికీ వెళ్లి అడిగే ప్రభుత్వ సర్వే ప్రకారం, 2004 నుంచి 2015 దాకా సగటున ఏటా రెండున్నర లక్షల విద్వేష నేరాలు జరిగాయి. సగానికి పైగా పోలీసుల దాకా వెళ్లనే లేదు. వలస వచ్చిన మనిషి పోలీస్ స్టేషన్ మెట్లు ఎందుకు ఎక్కడో మన పాఠకులకు నేను వివరించనక్కర్లేదు.

అన్ని భయాలకూ దెబ్బలు కనిపించవు. 2024 నవంబరులో ట్రంప్ రెండోసారి గెలిచిన మర్నాడు, అనేక రాష్ట్రాల్లో నల్లజాతివారి ఫోన్లకు సందేశాలు వచ్చాయి. అందుకున్నవాళ్లలో విద్యార్థులు చాలామంది ఉన్నారు. పత్తి ఏరడానికి మిమ్మల్ని ఎంపిక చేశాం, ఫలానా వేళకు సామాన్లతో తోటకు రావాలి అన్నది వాటి సారాంశం. చాలా సందేశాల్లో అందుకున్నవారి పేరు కూడా ఉంది. ఎఫ్‌బీఐ విచారణకు దిగింది. ఎవరి మీదా చెయ్యి పడలేదు. కానీ ముత్తాతల బానిసత్వాన్ని తన పేరు పెట్టి గుర్తుచేస్తే, హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్లకు ఆ రాత్రి నిద్ర పడుతుందా?

ఇక మన ఇంటిదాకా వచ్చిన సంగతి. 2017 జనవరి 27న ట్రంప్ ఇరాన్ సహా ముస్లింలు ఎక్కువగా ఉన్న ఏడు దేశాల పౌరుల రాకను నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. నెల తిరగకముందే, ఫిబ్రవరి 22న, కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో గార్మిన్ కంపెనీ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్, సహోద్యోగి అయిన తెలుగు స్నేహితుడు పని ముగించుకుని, అలవాటుగా వెళ్లే బార్‌లో ఆరుబయట కూర్చున్నారు. నౌకాదళంలో పనిచేసిన 51 ఏళ్ల తెల్లజాతి మనిషి ఒకడు వచ్చి, మీది ఏ వీసా, ఇక్కడ ఉండే హక్కు ఉందా అని గద్దించాడు. అతన్ని బయటికి పంపించేశారు. అక్కడున్న వాళ్లు ఈ ఇద్దరి దగ్గరికి వచ్చి ఊరడించారు. కాసేపటికి అతను తుపాకీతో తిరిగొచ్చాడు, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. 32 ఏళ్ల శ్రీనివాస్ ప్రాణం పోయింది. స్నేహితుడు గాయపడ్డాడు. అడ్డుకోబోయిన ఇయన్ గ్రిలట్ అనే 24 ఏళ్ల తెల్లజాతి యువకుడికీ తూటా దిగింది. హంతకుడు పక్క రాష్ట్రానికి పారిపోయి, అక్కడొక బార్‌లో తాను ఇద్దరు ఇరానియన్లను కాల్చానని చెప్పుకున్నాడు. అలా చెప్పుకోవడంతోనే దొరికాడు. తర్వాత అతనికి జీవిత ఖైదు పడింది.

చెప్పుకున్నాడు అన్నది గమనించాలి. పరిచయం లేని మనిషికి ఆ మాట చెప్పొచ్చని అతను అనుకున్నాడు. విన్న బార్ ఉద్యోగి మాత్రం పోలీసులకు ఫోన్ చేశారు. అతని అంచనా అక్కడ తప్పింది.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల అప్పుడు అడిగింది ఒకటే: మేము ఇక్కడివాళ్లమేనా? ఆ ప్రశ్న వెనుక చట్టం కూడా ఉంది. ఆమె అమెరికాలో ఉండే అనుమతి భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడింది. ఆయన పోగానే అదీ పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన మనిషి, తిరిగి తన ఇంటికి వెళ్లగలనో లేదో తెలియని స్థితిలో పడింది. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పట్టుబట్టి తాత్కాలిక అనుమతి ఇప్పించాల్సి వచ్చింది. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద బతుకుతున్న కుటుంబాలన్నిటి మెడ మీదా ఈ కత్తి వేలాడుతూనే ఉంటుంది. జాతి విద్వేషం గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఈ సంగతి తగినంతగా మాట్లాడరు.

ఆ వారం తెలుగు సంఘాల నుంచి జాగ్రత్తలు వెళ్లాయి. ఎవరితోనూ వాదనకు దిగొద్దు, నిర్మానుష్యమైన చోట ఒంటరిగా ఉండొద్దు, బయట ఇంగ్లీషులోనే మాట్లాడండి. ఇక్కడి నుంచి అమ్మానాన్నలూ ఫోన్లలో ‘బయట తెలుగులో మాట్లాడకు నాన్నా’ అనే చెప్పారు. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ హంతకుడు అడిగింది భాష గురించి కాదు. ఒంటి రంగు చూసి వీసా అడిగాడు, వీళ్లను ఇరానియన్లనుకున్నాడు. 2001లో సెప్టెంబరు 11 దాడులు జరిగిన నాలుగో రోజున అరిజోనాలో కాల్పులకు బలైన బల్బీర్ సింగ్ సోధీ సిక్కు. తలపాగా చూసి అరబ్బు అనుకున్నారు. ‘మేం వాళ్లం కాదు’ అని చెప్పుకునే వీలు ఆ ఇద్దరికీ దొరకలేదు. దొరికినా ఆ వాదన సరైనది కాదు. ఇరానియన్ అయితే మాత్రం కాల్చొచ్చా?

ఇదంతా ఒక్క ట్రంప్‌తోనే వచ్చిందనుకోవడమూ పొరపాటే. 2008లో ఒబామా గెలిచిన రాత్రే మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, నల్లజాతివారు కట్టుకుంటున్న చర్చిని ముగ్గురు తెల్లజాతి యువకులు తగలబెట్టారు. అక్కడ ఓటమి మండించింది. 2016 జూన్‌లో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని తేల్చిన బ్రెగ్జిట్ ఓటు తర్వాత జులైలో ఇంగ్లండ్, వేల్స్‌లలో జాతి, మత విద్వేష నేరాలు అంతకు ముందు ఏడాది జులై కంటే 40 శాతానికి పైగా పెరిగాయి. లండన్‌లో పోలండ్ వాళ్ల సాంస్కృతిక కేంద్రం తలుపు మీద బూతులు రాశారు. పోలండ్ వాళ్లు తెల్లవాళ్లే. ఓటు ఎవరిని పరాయివాళ్లుగా చూపిస్తే వాళ్ల మీదికే వెళ్లింది.

అంచనా మారడంతో నోళ్లు లేచాయంటే, దాన్ని వెనక్కి తిప్పే దారీ అంచనాలోనే ఉండాలి. గెలిచిన నాయకుడు వెంటనే, గట్టిగా ‘నా ఓటుకు అర్థం ఇది కాదు’ అనడం మొదటిది. ట్రంప్ నవంబరు 13న ప్రసారమైన టీవీ ఇంటర్వ్యూలో, వేధించేవాళ్లను ఆపమన్నారు. అడిగితే అన్న మాట అది. ఒలేథా హత్యను అమెరికా కాంగ్రెస్ వేదిక మీద ఖండించడానికి ఆరు రోజులు పట్టింది. రెండోది, మౌనంగా ఉన్నవాళ్లు కనబడటం. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌లో, ట్రంప్ గెలిచాక అమెరికాలో కొందరు చొక్కాకు పిన్నీసు పెట్టుకుని తిరిగారు, నా పక్కన మీరు భయం లేకుండా కూర్చోవచ్చని చెప్పడానికి. ఒట్టి ఆర్భాటమని చాలామంది కొట్టిపారేశారు. నేను అలా అనలేను. బస్సెక్కిన ఆ హిజాబ్ అమ్మాయి లెక్కలో ఒక మనిషి ఇటు మారినా అది చిన్న విషయం కాదు. అయితే పిన్నీసు పెట్టుకున్నవాళ్లు అవసరం వచ్చినప్పుడు గ్రిలట్‌లా లేవాలి. ఆయన కోలుకున్నాక, ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు.

మూడోది పైకి చప్పగా కనిపించే పని: ప్రతి ఘటననూ ఉన్నదున్నట్టు నమోదు చేయడం. 2016లో ఒక్లహామాలోని టల్సాలో లెబనీస్ మూలాలున్న ఖాలిద్ జబారాను పొరుగింటివాడు కాల్చి చంపాడు. 2017 ఆగస్టులో షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి ఆధిపత్యవాదుల ప్రదర్శనను వ్యతిరేకిస్తున్న జనం మీదికి ఒకడు కారు తోలి హెదర్ హేయర్ ప్రాణం తీశాడు. రెండూ విద్వేష నేరాలుగా కోర్టుకెక్కాయి. రెండూ ఎఫ్‌బీఐ విద్వేష నేరాల లెక్కలో మాత్రం చేరలేదు. ఆ ఇద్దరి పేరు మీదే ఒక చట్టం తెచ్చి, నమోదు మెరుగుపరచుకునే పోలీసు శాఖలకు నిధులిచ్చే ఏర్పాటు చేశారు. 2021 మే 20న అధ్యక్షుడు బైడెన్ దాని మీద సంతకం చేశారు. అయినా ఊళ్లలోని పోలీసు శాఖలు ఎఫ్‌బీఐకి ఈ లెక్క పంపాలా వద్దా అన్నది ఇప్పటికీ వాటి ఇష్టమే.