తాగుడు మానాలనుకునేవారికి మీటింగ్ ఎక్కడ దొరుకుతుంది? ఎలా వెళ్లాలి?

"మన ఇళ్లలో ఆ అలవాటు లేదు" అని పైకి చెప్పుకుంటాం. రాత్రి పదకొండింటికి తలుపు చప్పుడు కోసం కాచుకు కూర్చునే ఇల్లాలికి అసలు సంగతి తెలుసు. షరాబ్ హరామ్ అని తెలియక తాగేవాళ్లు మనలో లేరు. తెలిసీ మానలేక, దాచుకుని తాగుతున్నవాళ్లే ఉన్నారు. చెల్లెలి సంబంధం చెడుతుందని, మొహల్లాలో ఇజ్జత్ పోతుందని ఇంట్లోవాళ్లు నోరు మెదపరు. అందుకే సహాయం ఊళ్లోనే ఉన్నా దాని జాడ తెలియదు.

అలాంటి సహాయంలో ఒకటి ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ 'ఏఏ' అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుడు బాధితులతో మొదలైంది. అందులో ఒకాయన సర్జన్. తనలాగే తాగి నష్టపోయిన ఇంకో మనిషితో మాట్లాడితే ఆ పూటకి తాగకుండా ఉండగలుగుతున్నానని వాళ్లు గమనించారు. ఇప్పటికీ మీటింగుల్లో జరిగేది అదే. గంట, గంటన్నర కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకుంటారు. లెక్చర్లు ఉండవు, తిట్లు ఉండవు. ఫీజు లేదు. ఖర్చుల కోసం చివర్లో సభ్యులు తోచింది వేస్తారు, వేయకపోయినా అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంకో షరతు లేదు.

పేరు పూర్తిగా చెప్పనక్కర్లేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల కట్టుబాటు. "తెలిసినవాళ్లు కనిపిస్తే?" అని భయపడతారు. కనిపించిన మనిషి కూడా అదే బాధతో వచ్చి ఉంటాడు కదా! అయినా మనసొప్పకపోతే ఇంకో పేటలో జరిగే మీటింగుకి వెళ్లొచ్చు.

మీటింగ్ వెతకడానికి ఇంటర్నెట్‌లో 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అని, పక్కన మీ ఊరి పేరు కొట్టండి. దొరికిన నంబరుకి ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. ఏ రోజు, ఎన్ని గంటలకు? తెలుగులోనా, ఉర్దూ లేదా హిందీలోనా, ఇంగ్లిష్‌లోనా? మగ్రిబ్ నమాజుకి అడ్డం వస్తుందా? అన్నిటికంటే ముఖ్యం, అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అయితే ఇంట్లోవాళ్లూ వెళ్లి వినొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. వీలైతే ఆ ఫోన్ తాగే మనిషి చేతే చేయించండి. మానాలన్న మాట ఆయన నోటి నుంచి రావాలి.

మీటింగ్ చర్చి ఆవరణలోని గదిలో ఉందని తెలిసి వెనక్కి తగ్గినవాళ్లున్నారు. గది దొరికిన చోట పెట్టుకుంటారు, అంతే. స్కూల్లోనో, ఆస్పత్రిలోనో కూడా ఉంటాయి. ఏఏ ఏ మతానికీ చెందింది కాదు. వాళ్ల పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది గానీ, ఎవరికి అర్థమైన విధంగా వాళ్లు తీసుకోవచ్చని అక్కడే రాసుంది. ప్రార్థన చదివేటప్పుడు మీరు మౌనంగా ఉంటే ఎవరూ తప్పు పట్టరు.

వెళ్లే ముందు ఒక ప్రమాదం గురించి తెలుసుకోవాలి. రోజూ బాగా తాగే మనిషి, రంజాన్ నెలవంక కనిపించగానే ఒక్కసారిగా మానేస్తాడు. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఒకటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. దీన్ని జిన్ పట్టిందనుకుని ఆమిల్ దగ్గరికి తీసుకెళ్లి కాలం పోగొట్టకండి. ప్రాణాలు పోయే స్థితి ఇది, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మత్తుమందు కలిపిన కల్లుకి అలవాటు పడినవాళ్లకూ ఈ ముప్పు ఉంది. కాబట్టి ముందు డాక్టర్ని కలవండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రి ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. ఏఏ మందులివ్వదు, వైద్యం చెయ్యదు.

అన్నంలో తెలియకుండా కలిపే 'తాగుడు మాన్పించే పొడి' జోలికి అసలు పోవద్దు. కొన్నిటిలో ఏముందో ఎవరికీ తెలియదు. అసలైన మాత్ర కూడా, తాగే మనిషికి చెప్పకుండా ఇస్తే, మీద మద్యం పడ్డప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది.

మరి ఆయన రానంటే? భార్య, తల్లి, పెద్దపిల్లల కోసం 'అల్-అనాన్' అనే వేరే మీటింగులున్నాయి. 1951లో మొదలయ్యాయి. ఆయన తాగుడు మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు. బాటిళ్లు దాచడం, ఆయన బదులు ఆఫీసుకి అబద్ధాలు చెప్పడం, అప్పులు తీర్చడం వంటివి ఎక్కడ ఆపాలో అక్కడి ఆడవాళ్ల అనుభవంలోంచి తెలుస్తుంది. నా దృష్టిలో చాలా ఇళ్లకి మొదటి దారి ఇదే.

మీ ఊళ్లో మీటింగ్ లేకపోతే దగ్గర్లోని డీ-అడిక్షన్ సెంటర్లో అడగండి. ఏఏ సభ్యులు అలాంటి చోట్లకి వచ్చి మాట్లాడుతుంటారు. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446. మానసిక సమస్యలకి టెలి మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. గల్ఫ్‌లో ఉన్న అబ్బాయిలు ఆన్‌లైన్ మీటింగుల్లో కెమెరా ఆపేసి కూర్చోవచ్చు. మొదటి మీటింగ్ నచ్చలేదని ఇంటికొచ్చేస్తే ఇంకో గ్రూపు చూడండి, ఒక్కో గ్రూపు తీరు ఒక్కోలా ఉంటుంది. మొదటిరోజు పేరు చెప్పి ఊరికే కూర్చుని వచ్చినా సరిపోతుంది.