ఆగి ఉన్న కారు ఏం చెబుతుంది?



వంటింట్లో మనకు కళ్ళకన్నా చెవులే ఎక్కువ పనిచేస్తాయి. ఆవాలు చిటపటమనడం ఆగిందంటే ఎండుమిరపకాయలు వెయ్యాలని తెలుస్తుంది. మిక్సీలో పప్పు ఇరుక్కుంటే మోత మారుతుంది, చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది. అలాంటి మనం కారెక్కగానే మాత్రం "అది మగవాళ్ళ సంగతిలే" అని ఊరుకుంటాం. నేనూ నిరుటి ఎండాకాలం దాకా అంతే.

అప్పుడు మహబూబాబాదులో మా ఆడపడుచు ఇంట పెళ్ళికి హైదరాబాదు నుంచి బయలుదేరాం. జనగామ చౌరస్తాలో కారు ఆగింది. బానెట్ లోంచి కుట్టుమిషను తిప్పినట్టు టిక్ టిక్ అని ఒకటే శబ్దం. మావారితో అంటే, "ఏం కాదులే" అని పాట కాస్త పెద్దది చేశారు! పాలకుర్తి దాటాం, శబ్దం పోలేదు. తొర్రూరులో చెట్టుకింద ఉన్న ఒక మెకానిక్ దగ్గర ఆపించాను.

ఆ అబ్బాయి బానెట్ ఎత్తకముందే అడిగాడు: "సప్పుడు ఎప్పుడొస్తాంది అమ్మా? బండి ఆగినప్పుడా, పోయేటప్పుడా?" ఆగినప్పుడు బాగా వినబడుతోందనీ, ఎక్సిలేటరు తొక్కితే టిక్ టిక్ కూడా తొందరపడుతోందనీ చెప్పాను. ఆయిల్ చూసే పుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. కొసన తడి అంటీ అంటనట్టుంది! సరైన ఆయిల్ పోశాక కొద్ది నిమిషాల్లో శబ్దం తగ్గిపోయింది. "ఇంకో వంద కిలోమీటర్లు పోతే ఇంజనే పోవునమ్మా" అన్నాడు.

ఆగినప్పుడే ఎందుకు వినబడింది? రోడ్డు మీద గాలి హోరు, టైర్ల మోత చిన్న శబ్దాలను మింగేస్తాయి. అదొక్కటే కాదు. ఆగి ఉన్నప్పుడు పెట్రోలు ఇంజను నిమిషానికి సుమారు 700 నుంచి 900 చుట్లే తిరుగుతుంది. దానితోపాటే ఆయిల్ పంపూ నెమ్మదిగా తిరుగుతుంది కనుక ఆయిల్ ఒత్తిడి తగ్గుతుంది. ఆయిల్ చాలకపోతే పైనున్న వాల్వుల దగ్గరికి సరిగ్గా చేరదు. అక్కడ ఇనుము ఇనుముకు కొట్టుకుని టిక్ టిక్ అంటుంది. కుట్టుమిషనుకు నూనె వెయ్యడం మరిచిపోతే ఏమవుతుందో మనకు తెలియనిదా!

అయితే ప్రతి శబ్దమూ ఒకటే జబ్బు కాదు. మా చెల్లెలు భూపాలపల్లిలో ఉంటుంది. సింగరేణి బొగ్గు లారీలు తిరిగే ఊరు, దుమ్ముకు కొదవ లేదు. చలికాలం పొద్దున్నే వాళ్ళ కారు స్టార్టు చేస్తే కీచుమని అరిచేది. అది బెల్టు జారే అరుపు. అరిగిన బెల్టు మార్చి, బిగింపు సరిచేస్తే పోయింది. కంకర రోడ్ల మీద తిరిగి వచ్చాక కింద రేకు డబ్బా కదిలినట్టు గలగలమంటే, సైలెన్సరు గొట్టం మీది వేడిరేకు వదులై ఉండవచ్చు. ఖర్చు స్వల్పమే.

మనం ఇంట్లోనే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. కారును ఆరుబయట, చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయండి. ఏసీ ఆపి చూడండి. శబ్దం పోతే జబ్బు ఏసీ కంప్రెసరు వైపున్నట్టు. క్లచ్ తొక్కి చూడండి. తొక్కగానే శబ్దం ఆగితే గేరుబాక్సు బేరింగు, తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగు అని అనుమానించాలి. ఆయిల్ చూడాలంటే ఇంజను ఆపి కొన్ని నిమిషాలు ఆగాలి. పుల్ల మీది రెండు గుర్తుల మధ్య ఉంటే సరి. పై గుర్తు దాటి పోయడమూ మంచిది కాదు. పోసిన ఆయిల్ మళ్ళీ తగ్గుతోందంటే కారుతోందో, నీలం పొగై పోతోందో చూపించుకోవాలి.

ఒక్క మాట. బానెట్ ఎత్తేముందు కొంగు దోపుకోండి, జడ ముడి వేసుకోండి. ఇంజను ఆపినా ఫ్యాను తనంతట తానే తిరగవచ్చు. వేడి మీద రేడియేటరు మూత తియ్యనే తియ్యకండి.

ఇక అసలు భయపడవలసినవి మూడు. ఆయిల్ ఎర్రదీపం వెలిగితే "ఇంటికి పోయి చూద్దాం" అనవద్దు. వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. లోపలి నుంచి సుత్తితో బాదినట్టు దడ్ దడ్ అని బరువుగా వినిపిస్తే బండిని నడపక లాగించుకుపోవాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చల్లటి ఇంజను స్టార్టు చేయగానే ఫట్ ఫట్ అని, వేడెక్కాక తగ్గే శబ్దం పొగ గొట్టంలో కారుకు గుర్తు కావచ్చు. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది, మనం బాగైందనుకుంటాం. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో పిల్లలు నిద్రపోయారని కారు ఆపి, ఏసీ వేసి, అద్దాలు బిగించి వదిలి వెళ్తాం కదూ? ఆ అలవాటు మానండి. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం కనిపిస్తే అందర్నీ గాలిలోకి దింపి వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ ఊళ్ళకు మన రాకపోకలూ పెరిగాయి. ఈసారి కారు ఆగినప్పుడు పాట కాస్త తగ్గించి వినండి. శబ్దం ఎలా ఉంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎక్సిలేటరు తొక్కితే పెరుగుతోందా? ఏసీ ఆపితే పోతోందా? ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని మెకానిక్‌కు చెప్పండి. వైద్యుడికి రోగం వివరంగా చెప్పినట్టే ఇదీ. అనవసరంగా ఇంజను విప్పించే ఖర్చు తప్పుతుంది, అవసరమైనప్పుడు ఆలస్యమూ తప్పుతుంది.

మావారు ఇప్పుడు కారు ఆగగానే పాట తానే తగ్గించి, "ఏమన్నా వినిపిస్తోందా?" అని నన్నే అడుగుతున్నారు!