కొరింథు ఉత్తరంలో ఒక పాత జాబితా

1968లో జెరూసలేం ఉత్తరాన ఇళ్లు కట్టడానికి నేల తవ్వుతుంటే రెండు వేల ఏళ్ల నాటి సమాధి గుహలు బయటపడ్డాయి. అక్కడ దొరికిన ఒక రాతి పెట్టెలో, ఎముకల మధ్య, మడమ ఎముక ఒకటి. దాంట్లో అడ్డంగా దిగిన ఇనుప మేకు ఇంకా అలాగే ఉంది. పొడవు పదకొండున్నర సెంటీమీటర్లు, కొన వంకర తిరిగింది. కొయ్యలో ఏ ముడికో తగిలి వంగి ఉంటుందని, అందుకే శవాన్ని దించినవాళ్లు దాన్ని పీకలేకపోయారని పరిశోధకుల ఊహ. పెట్టె మీద చెక్కిన పేరు యెహోహానాన్. సిలువ వేసిన శవాలను రోమన్లు కుక్కలకూ కాకులకూ వదిలేసేవారు, కాబట్టి యేసుకు అసలు సమాధే ఉండకపోవచ్చు, ఇక అది ఖాళీ కావడమేమిటి అని జాన్ డొమినిక్ క్రాసన్ వంటి పండితులు వాదించారు. ఈ మేకు అందుకు కొంత జవాబు. సిలువ మీద చచ్చినవాడి దేహం కూడా అయినవాళ్ల చేతికి వచ్చి, పద్ధతిగా సమాధికి చేరిన సందర్భం కనీసం ఒకటి ఉంది. అయితే యేసును సమాధి చేశారని ఆ మేకు రుజువు చేయదు. ఒక అడ్డంకిని తొలగించి అక్కడితో ఆగిపోతుంది.

క్రైస్తవ విశ్వాసాన్ని హేతువుతో సమర్థించే పని చాలావరకు ఇలాంటిదే. దాన్ని అపోలజెటిక్స్ అంటారు. పేరు విని క్షమాపణ అనుకునేరు. గ్రీకులో అపొలోగియా అంటే కోర్టులో నిందితుడు ఇచ్చుకునే సమాధానం. రెండో శతాబ్దం చివర సెల్సస్ అనే గ్రీకు తత్వవేత్త క్రైస్తవుల మీద ఒక పుస్తకమే రాశాడు. డెబ్బై ఏళ్ల తర్వాత ఆరిజెన్ ఎనిమిది సంపుటాల్లో దానికి జవాబిచ్చాడు. సెల్సస్ పుస్తకం పోయింది. ఆరిజెన్ ఖండించడానికి ఎత్తి రాసుకున్న భాగాల వల్లే ఈ రోజు మనకు తెలుస్తోంది. ప్రత్యర్థి మాటను ఇంత జాగ్రత్తగా దాచిపెట్టిన వాదకులు అరుదు. ఈ మతానికి ఇంత వాదన ఎందుకు అవసరమైందంటే, దాని మూలస్తంభం ఒక సంఘటన. రోమన్ గవర్నరు పొంతి పిలాతు అధికారంలో, ఒక ఊరి బయట, ఒక మనిషి చనిపోయి మళ్లీ లేచాడన్నది దాని ప్రకటన. తేదీ, స్థలం చెప్పుకున్నాక పరీక్షకు నిలబడక తప్పదు.

సాక్ష్యాల్లో నేను అన్నిటికన్నా బరువైనదనుకునేది సువార్తల్లో లేదు, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలో ఉంది. అది క్రీ.శ. 53-55 ప్రాంతంలో రాసిందని పండితుల అంచనా. మార్కు సువార్తకన్నా దాదాపు పదిహేనేళ్లు ముందు. అందులో పదిహేనో అధ్యాయంలో ఒక చిన్న జాబితా వస్తుంది: క్రీస్తు చనిపోవడం, సమాధి, మూడో రోజు లేపబడడం, తర్వాత ఎవరెవరికి కనబడ్డాడో వరసగా. ఇది తాను పొందినది, తిరిగి వాళ్లకు అందించినది అని పౌలు ముందే చెబుతాడు. ఆ రెండు క్రియలూ యూదు గురువులు శిష్యులకు సంప్రదాయాన్ని నేర్పే తీరుకు వాడేవి. తెలుగులో అప్పజెప్పడం అనే మాటలో ఆ అర్థం చక్కగా ఇమిడి ఉంది: నేర్చిన పాఠాన్ని నోటికి ఒప్పజెప్పడమూ అదే, ఒకరి సొమ్మును ఇంకొకరి చేతికి ఇవ్వడమూ అదే. పైగా శిష్యులను పన్నెండుగురు అని పిలవడం పౌలు మరే ఉత్తరంలోనూ చేయడు. అంటే ఈ వాక్యాలు ఆయనవి కావు, ఆయన నేర్చుకున్నవి. ఎక్కడ నేర్చుకున్నాడు? గలతీయులకు రాసిన ఉత్తరంలో, తాను యేసును నమ్మిన మూడేళ్లకు జెరూసలేం వెళ్లి యేసు శిష్యుడు పేతురు దగ్గర పదిహేను రోజులు ఉన్నాననీ, యేసు తమ్ముడు యాకోబును చూశాననీ చెప్పుకున్నాడు. జాబితాలో ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. గెర్డ్ లూడెమాన్ అనే జర్మన్ పండితుడు పునరుత్థానాన్ని నమ్మనివాడు. ఆయన కూడా ఈ జాబితాలోని అంశాలు సిలువ తర్వాత రెండేళ్లలోపే పుట్టాయన్నాడు.

దీనితో ఒక ఆక్షేపణ వీగిపోతుంది. తరాలు గడిచేకొద్దీ కథ పెరిగి, మనిషి దేవుడయ్యాడన్నది తరచూ వినపడే మాట. అలా జరగడం మనకు తెలియని సంగతేమీ కాదు. వేమన కాలమే పండితులు తేల్చుకోలేకపోయారు, ఆయన చుట్టూ అల్లుకున్న కథలు ఎప్పుడు పుట్టాయో అసలే చెప్పలేం. ఇక్కడ మాత్రం ప్రకటన మొదటి నుంచీ ఉంది, చెప్పినవాళ్లు బతికే ఉన్నారు. అయితే వేదికల మీద సమర్థకులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. జాబితాలో ఐదు వందల మందికి పైగా ఒకేసారి చూశారని ఉంది కదా అని, ఐదు వందల సాక్ష్యాలు ఉన్నట్టు మాట్లాడతారు. మన దగ్గర ఉన్నది ఐదు వందల మంది చూశారని చెప్పే ఒక్క సాక్ష్యం. వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని పౌలు రాయడానికి ధైర్యం కావాలి, ఆ మాటకు విలువ ఉంది. కానీ లెక్క లెక్కే.

జాబితాలో స్త్రీలు లేరు. సువార్తల్లోనేమో ఖాళీ సమాధిని మొదట చూసింది మగ్దలేనే మరియ, ఇతర స్త్రీలు. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ స్త్రీల సాక్ష్యం చెల్లదని రాశాడు. సెల్సస్ కూడా పునరుత్థానానికి సాక్షి ఒక మతిచెడ్డ ఆడదని ఎగతాళి చేశాడు. కల్పించి రాసేవాడు చెల్లని సాక్షులను ముందు నిలబెట్టడు అని సమర్థకుల వాదం. నాకు ఇది సబబుగానే తోస్తుంది. జాబితాలో వాళ్ల పేర్లు లేకపోవడానికీ అదే కారణం కావచ్చు. కాదు, ఖాళీ సమాధి కథ తర్వాత చేరిందనడానికి అదే గుర్తు అని ఎదుటివాళ్లు అంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం.

అసలు చిక్కు ఆక్షేపణ ఇంకొకటి. వాళ్లు నిజంగానే చూశామనుకున్నారు, కానీ అది దుఃఖంలో కలిగిన దర్శనం అంటాడు లూడెమాన్. ఆశ కూలినా నమ్మకం నిలిచిన ఉదాహరణలు చరిత్రలో ఉన్నాయి. 1666లో షబ్బతాయ్ జ్వీ, తానే మెస్సీయ అని చెప్పుకున్నవాడు, ఇస్లాంలోకి మారాడు. అయినా కొందరు అనుచరులు ఆయన్ను వదల్లేదు. పేతురు విషయంలో దుఃఖం సరిపోతుందేమో. పౌలు మాత్రం దుఃఖించేవాడు కాదు, యేసు అనుచరులను హింసించేవాడు. యాకోబు, తన అన్న యేసు బతికి ఉండగా ఆయన్ను నమ్మలేదని సువార్తలే ఒప్పుకుంటాయి. తర్వాత జెరూసలేం సంఘానికి పెద్ద అయ్యాడు. 62 ప్రాంతంలో ప్రధాన యాజకుడు ఆయన్ను రాళ్లతో కొట్టించి చంపించాడని జోసెఫస్ రాశాడు. ఈ ముగ్గురికీ వేర్వేరు కారణాలతో ఒకే భ్రమ కలిగిందనుకోవడం అసాధ్యమేం కాదు గానీ, వివరణకు అతుకుల మీద అతుకులు పడతాయి.

అప్పుడు తత్వవేత్త హ్యూమ్ వస్తాడు. 1748లో అద్భుతాల మీద రాసిన వ్యాసంలో ఆయన అన్నదాని సారం ఇది: అద్భుతం జరగడం కన్నా సాక్షి పొరబడడమే ఎప్పుడూ ఎక్కువ సంభావ్యం. గట్టి మాటే. అయితే ఆ వ్యాసంలోనే ఆయన ఒక భారతీయ రాజు సంగతి తెస్తాడు. గట్టి చలికి నీళ్లు ఏమవుతాయో చెబితే ఆ రాజు నమ్మలేదట. నమ్మకపోవడం సరైన తర్కమేనని హ్యూమ్ మెచ్చుకుంటాడు. నిజమే, రాజు తర్కం సరైనదే. నీళ్లు మాత్రం గడ్డకడతాయి. అనుభవం చాలనిచోట సరైన తర్కం కూడా తప్పు చోటికి చేర్చవచ్చని ఆయన ఉదాహరణే చూపిస్తోంది. చలిని ఎవరైనా వెళ్లి చూసి రావచ్చు, పునరుత్థానాన్ని అలా చూడలేమన్నది న్యాయమైన ఎదురుమాట. దేవుడు ఉండే అవకాశం ఎంతో ముందే మన మనసులో ఉన్న అంచనా ఇక్కడ తీర్పును శాసిస్తుంది. రిచర్డ్ స్విన్‌బర్న్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త 2003లో ఆ అంచనాలకు అంకెలు వేసి, పునరుత్థానం జరిగి ఉండే సంభావ్యత 97 శాతమని తేల్చాడు. అంకె మార్చి వేస్తే ఫలితమూ మారుతుంది, కనుక ఆ శాతం మీద నాకు మోజు లేదు.

పించాస్ లపీడె సనాతన యూదు పండితుడు. 1970ల్లో ఆయన ఈ ఆధారాలన్నీ తూచి, దేవుడు యేసును నిజంగానే మృతుల్లోంచి లేపాడని రాశాడు. బెదిరి చెదిరిన శిష్యులు అంత ధైర్యం తెచ్చుకోవడానికి మరో కారణం ఆయనకు కనబడలేదు. అయినా యేసు ఇశ్రాయేలు మెస్సీయ అని ఒప్పుకోలేదు; 1997లో చనిపోయేదాకా యూదుడిగానే ఉన్నాడు.